వైస్ ఛాన్సలర్ గారికి: రాజనీతి శాస్త్ర విద్యార్థుల గురించి

అయ్యా,

తరగతికంతా ఒకే సలహాదారుణ్ని పెడితే ఆ సలహా ఫారం మీద సంతకంతో సరి. పదిహేను మందికి ఒక అధ్యాపకుణ్ని కేటాయించండి. మొదటి సెమిస్టర్‌లోనే ఒక్కొక్కరితో ఇరవై నిమిషాలు కూర్చోమనండి. నెట్టా (అధ్యాపక ఉద్యోగాల అర్హత పరీక్ష), గ్రూప్సా, లా నా, విధాన పరిశోధనా అన్నది అప్పుడే తేలాలి. లాంప్ ఫెలోషిప్ ఉంది: 25 ఏళ్లలోపు పట్టభద్రులు వర్షాకాల సమావేశాల నుంచి బడ్జెట్ సమావేశాల దాకా ఒక ఎంపీ దగ్గర పనిచేస్తారు. ఈ సంగతి చివరి సెమిస్టర్‌లో తెలిస్తే ఏం లాభం? నెట్ 150 ప్రశ్నల్లో 50 అన్ని సబ్జెక్టులవాళ్లకీ ఉమ్మడిగా ఉండే మొదటి పేపర్‌వే. సబ్జెక్టు కొట్టినపిండి అయినవాళ్లు కూడా అక్కడే బోల్తా పడుతుంటారు.

యూత్ పార్లమెంటు మన దగ్గర ఉపన్యాస పోటీగా మారిపోయింది. బట్టీ ప్రసంగాలు మాన్పించి, లోక్‌సభలో అడిగిన ఒక నక్షత్ర ప్రశ్న (మంత్రి సభలోనే నోటితో జవాబు చెప్పాల్సినది) ఇచ్చి అనుబంధ ప్రశ్నలు అక్కడికక్కడే వేయించండి. నక్షత్రం లేని ప్రశ్నకు రాతపూర్వక జవాబే కాబట్టి దానితో ఈ సాధన కుదరదు.

సమాచార హక్కు దరఖాస్తు ప్రతి ఒక్కరితో ఒకటి రాయించండి. 'రోడ్డు ఎందుకు వేయలేదు' అంటే జవాబు దాటేస్తారు. 'మంజూరు ఉత్తర్వు నకలు ఇవ్వండి' అంటే తప్పించుకోవడం కష్టం. జవాబుకు గడువు 30 రోజులు, సెమిస్టర్‌లో ఇమిడిపోతుంది.

యూత్ పార్లమెంటుకూ దరఖాస్తు పనికీ వెళ్లిన రోజులకు హాజరు వేయిస్తూ ముందుగా ఒక ఉత్తర్వు ఇప్పించండి.

ఇట్లు,
రాజనీతి శాస్త్ర అధ్యాపకులు కొందరు