అర్జీలు రాసే ఆ పెద్దాయనకు కృతజ్ఞతలు

ప్రభువునందు ప్రియులైన సహోదరీ సహోదరులకు, నన్నెరిగిన మిత్రులందరికీ వందనాలు. నిన్న సాయంత్రం మా అమ్మాయి కుల ధృవీకరణ పత్రం నా చేతికి వచ్చింది. అందులో బీసీ–సీ అని, అంటే ఎస్సీల నుంచి క్రైస్తవులైనవారికీ వారి పిల్లలకూ ఇచ్చే వర్గమని ఉంది. పదకొండు రోజులుగా సరైన నిద్ర లేక కళ్ళు మండుతున్నాయి, కానీ రేపటికి వాయిదా వేస్తే ఈ మాటలు ఇలా రాయలేనేమోనన్న భయంతో ఇప్పుడే కూర్చున్నాను.

నర్సింగ్ కౌన్సెలింగ్ కోసం అమ్మాయికి ఆ పత్రం కావలసి వచ్చింది. నన్ను బడిలో వేసే నాటికి మా నాన్నగారు ఇంకా విశ్వాసంలోకి రాలేదు కనుక నా చదువు కాగితాలన్నింటిలోనూ ఎస్సీ అనే ఉంది. 1994లో నాన్నగారు, అమ్మ, నేను ఒకే రోజున వశిష్ట గోదావరిలో బాప్తిస్మం పొందాము. ఆ తరువాత కూడా డిగ్రీలో పాత కాగితం మీదనే ఉపకార వేతనం తీసుకున్నాను. అది తప్పేనని ఈ మధ్యనే మా సంఘం ముందు ఒప్పుకున్నాను. అందుకే అమ్మాయి విషయంలో ఉన్నది ఉన్నట్టు రాయిద్దామని నిశ్చయించుకుని మా స్వగ్రామం ఉన్న మండల కార్యాలయానికి వెళ్ళాను.

అక్కడ నాకు ఎదురైన శోధన బెదిరింపు రూపంలో రాలేదు, మంచి సలహా రూపంలో వచ్చింది. “రికార్డులో ఎస్సీ అని ఉండగా మీరెందుకు కెలుక్కుంటారు మేష్టారూ, హిందువునని ఒక ముక్క రాసివ్వండి, రేపే ఇచ్చేస్తాం” అన్నారు. బంధువులూ అదే మాట అన్నారు: ఆదివారం దేవుడిది, సోమవారం ప్రభుత్వానిది, కాగితం మీద రాసింది దేవుడు చదువుతాడా అని. మన రాష్ట్రంలో ఎస్సీలకు 15 శాతం సీట్లు ఉన్నాయి, బీసీ–సీలకు ఉన్నది 1 శాతం. అమ్మాయి ముఖం చూసినప్పుడల్లా ఆ రెండు అంకెలే నా కళ్ళ ముందు తిరిగాయి. ఈ లోక మర్యాదను అనుసరింపవద్దని పౌలు రోమా సంఘానికి రాసిన మాటను సండే స్కూలు పిల్లలకు ఇరవై ఏళ్ళుగా నేర్పుతున్న నేను, నాలుగో రోజున, కార్యాలయం వరండాలో కూర్చుని ప్రమాణపత్రంలో మతం అన్నచోట “హిందూ” అని రాశాను.

సరిగా నింపానో లేదో చూడమని, గేటు పక్కన చెట్టు కింద బల్ల వేసుకుని అర్జీలు రాసే ఒక పెద్దాయనకు ఆ కాగితం ఇచ్చాను. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి, నుదుటన విభూతి రేఖలు, మెడలో రుద్రాక్ష. ఆయన చివరి దాకా చదివి, నా సంచిలోంచి కనిపిస్తున్న బైబిలు వైపు ఒకసారి చూసి, ఎంతో మెల్లగా, “ఇది నిజమేనా బాబూ?” అని అడిగారు. అందులో నిందించే ధోరణి లేదు. నా వాళ్ళలో ఒక్కరూ అడగని ప్రశ్న అది. నాకు నోట మాట రాలేదు. ఆయన ఆ కాగితాన్ని మడిచి నా చేతిలోనే పెట్టి, “చింపేది మీరే చింపండి, నేను వేరేది రాస్తాను” అన్నారు.

వేరేది రాయాలంటే బాప్తిస్మం పొందినట్టు రుజువు కావాలి. మాకు బాప్తిస్మం ఇచ్చిన పాస్టరుగారు ప్రభువునందు నిద్రించి చాలా ఏళ్ళయింది. వారి భార్య రేవు అవతల, నరసాపురంలో ఉంటున్నారని విన్నానే గాని ఇల్లు తెలియదు. గోదావరికి ఎర్రనీరు దిగింది, వరద పెరిగితే సఖినేటిపల్లి రేవులో మనుషులనూ బండ్లనూ దాటించే పంటు ఆపేస్తారని అందరూ అంటున్నారు. ఆ పెద్దాయన బల్ల మడిచి పక్క దుకాణంలో పెట్టి, తన పాత స్కూటరు మీద నన్ను ఎక్కించుకుని, స్కూటరుతో సహా పంటు ఎక్కారు. ఆనాటి సంపాదన పోయిందన్న మాట ఆయన నోట రాలేదు. 1836లో ఇంగ్లండు నుంచి బయలుదేరి వచ్చిన బౌడెన్, బియర్ అనే మిషనరీలు స్థిరపడి సువార్త చెప్పిన ఊరు నరసాపురం. ఆ ఊళ్ళో నా బాప్తిస్మం రుజువు కోసం వానలో గడప గడపా అడిగింది మాత్రం శివభక్తుడైన ఒక వృద్ధుడు.

పాస్టరమ్మగారి ఇల్లు దొరికే సరికి మధ్యాహ్నం మూడయింది. ఆమె ట్రంకుపెట్టెలోంచి తీసిన రిజిస్టరుకు అంచులన్నీ చెద తినేసింది. పెద్దాయన చెప్పులు గుమ్మం బయటే విడిచి, నేల మీద కూర్చుని, ఒక్కొక్క పేజీ చిరగకుండా విడదీస్తూ ఒక్కొక్క పేరూ పైకి చదివారు. నాన్నగారి పేరు వచ్చింది. ఆయనకు చదువు రాదు కనుక దాని ఎదురుగా వేలిముద్ర ఉంది. దాని కింద వరుసలో నా పేరు, పదహారేళ్ళ నాటి నా వంకర సంతకం. “ఇదిగో, ఉన్నారు మేష్టారూ” అన్నారాయన. నాన్నగారు పోయినప్పుడు కూడా నేను అంతగా ఏడవలేదు. ఆయన ఏమీ అనకుండా, నా ఏడుపు ఆగేదాకా ఆ పేజీ మీద అరచేయి అడ్డుపెట్టి నా కన్నీళ్ళు పడకుండా కాపాడారు. తిరిగి వచ్చాక డబ్బు ఇవ్వబోతే, పేరు రాస్తానంటే, రెండూ వద్దన్నారు.

నా భార్య నగ తాకట్టు పెట్టి ఖర్చులు చూసింది, బావమరిది తోడు తిరిగాడు. వారికి వేరే చెప్పనక్కర్లేదు.

ఒక్క మాట మాత్రం అనకుండా ఉండలేను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, మమ్మల్ని చేర్చలేదు. ఆ హోదాకు మతంతో ముడి తీసివేయాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫారసు చేసింది, అదీ కాగితం మీదనే మిగిలింది. బాప్తిస్మం పొందినంత మాత్రాన మా పేట ఊరి మధ్యకు జరగలేదు, మా శ్మశానం మారలేదు. అబద్ధం రాస్తే ఒక్క రోజులో ఇస్తామన్న కాగితానికి నిజం రాసినందుకు నన్ను ఏడుసార్లు తిప్పారు. పిల్లల చదువు కోసం రెండు పేర్లతో బతుకుతున్న విశ్వాసులను నేను తీర్పు తీర్చను. వారి అవసరం ఎంతటిదో వరండాలో కూర్చున్న ఆ అరగంటలో నాకు తెలిసింది.

సీటు వస్తుందో రాదో ఇంకా తెలియదు. దయచేసి ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి.

రాయడం మరిచాను: చెద తిన్న పేజీకి నాలుగుసార్లు ఓపికగా జిరాక్సు తీసి ఒక్కదానికే డబ్బు తీసుకున్న కుర్రవాడికి, మూడు రోజులు సెలవు ఇచ్చిన మా హెడ్మాస్టరుగారికి, ఉపవాస ప్రార్థన చేసిన స్త్రీల సమాజానికి వందనాలు. పాస్టరమ్మగారు మా ఇద్దరికీ అన్నం పెట్టి పంపారు, ఆమెను పైనే చెప్పవలసింది. ఆఖరి పంటు కదలబోతుంటే మా స్కూటరును చూసి ఆపించిన టికెట్టు మనిషి పేరు కూడా నేను అడగలేదు.