గుడ్డు కథ

ఒసేయ్ మిరపకాయా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. తిట్టుకో, తిట్టేసి చదువు. అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి, పెద్దోడికి ఇంటర్‌లో సీటొచ్చింది, గేదె ఈనింది. అంతే. అసలు సంగతి చెప్పకపోతే కడుపుబ్బి చచ్చేలా ఉన్నా.

మొన్న మా అంగన్‌వాడీ టీచర్లకు 'పోషణ్ భీ పఢాయీ భీ', అంటే తిండీ చదువూ రెండూ అని, ట్రైనింగ్ 3 రోజులు పెట్టారు. మొదటి రోజంతా ఆధారశిల పుస్తకం, 3 నుంచి 6 ఏళ్ల పిల్లలతో ఏ ఆట ఎలా ఆడించాలి అని. భోజనాలయ్యాక మన ఉప్మా సార్ క్లాసులోలాగే కళ్లు తెరిచి నిద్రపోయా. రెండో రోజు ట్రైనింగ్ మేడమ్ నిద్ర పోనిస్తేగా! పుస్తకంలో లేని ఆట పెట్టింది. కొందరు టీచర్లను పిల్లల్లా వరసలో కూర్చోబెట్టి మెడలో అట్టముక్కలు వేసింది. 'సర్పంచ్ మనవడు', 'కాలనీ పిల్ల', 'ఇటుకబట్టీ కూలీల కొడుకు, ఒడియా తప్ప రాదు', 'చెవులు వినపడని పిల్ల'. టీచర్‌ని నేను. నిజం గుడ్లే, ఉడికించినవి. నవ్వుకుంటూ పంచేశా.

అయ్యాక ఆవిడ ఒక్కటే అడిగింది. "గుడ్డు ఎవరి చేతికిచ్చారు? ఎవరి పళ్లెంలో పైనుంచి వేశారు?"

నేనెక్కడ చూసుకున్నా! వరసలో వాళ్లే చెప్పారు. సర్పంచ్ మనవడికి పొట్టు వలిచి చేతిలో పెట్టి "తిను నాన్నా" అన్నానట. కాలనీ పిల్లకి జానెడు ఎత్తు నుంచి వేస్తే దొర్లి కింద పడిందట. పడింది, నాకూ గుర్తే. 16 ఏళ్ల సర్వీసే నాది! ఆ అట్టముక్క చూడగానే చెయ్యి దానంతటదే... మీ అమ్మ మనిద్దరికీ ఒకే కంచంలో కలిపి పెట్టేది. మా ఇంటికొస్తే నీకు మాత్రం ఆ సత్తు గ్లాసు... సరే, ఇప్పుడొద్దులే.

సోమవారం సెంటర్లో ఏమైందో విను. బుజ్జిగాడు చిన్ని పక్కన కూర్చోనన్నాడు, "నాయనమ్మ కొడతది" అని. ఇంతకుముందైతే "తప్పు, కళ్లు పోతాయ్" అనేదాన్ని. భయపెట్టొద్దు, నీతులు చెప్పొద్దు, ఇద్దరికీ కలిపి ఒక పని ఇవ్వండి అని ట్రైనింగ్‌లో చెప్పింది మేడమ్. ఒకరి గుడ్డు ఒకరు వలవండ్రా అన్నా. వాడు వలిస్తే సగం తెల్లసొన పొట్టుతోనే పోయింది. అది చూసి "నీకు రాదు, ఇటియ్యి" అని లాక్కుంది చిన్ని. వాడి గుడ్డు మాత్రం గోళీలా నున్నగా వలిచిచ్చింది! వాడికి పచ్చసొన గిట్టదు, తీసి దాని చేతిలో పెట్టాడు. అది టక్కున నోట్లో వేసుకుంది.

తలెత్తితే గుమ్మంలో నాయనమ్మ!

"రేపటి సంది గుడ్డు ఇంటికే పంపు" అంది. ఇక్కడే తినాలమ్మా, రూలు అన్నా. చెయ్యి పట్టి లాక్కెళ్లింది. మంగళవారం వాడు రాలేదు. నాకు అన్నం సయించలేదంటే నమ్ము.

ఇవాళ వచ్చాడే! నేరుగా చిన్ని దగ్గరికెళ్లి గుడ్డు ముందుపెట్టి "వలువు" అన్నాడు. ముసలమ్మ బయట అరుగు మీదే కూర్చుంది, లోపలికి చూస్తోంది, లేవట్లేదు. ఏమనుకుంటోందో...

అయ్యో, సూపర్‌వైజర్ బండి చప్పుడు. రిజిస్టర్ ఒక్క ముక్క రాయలేదు. దసరాకి వస్తావుగా, ఆ గ్లాసు సంగతి అప్పుడు