ఆరుబయటి పాఠానికి టైమ్‌టేబుల్‌లో చోటివ్వండి

సంపాదకులకు,

అయ్యా,

ముప్పయ్యేళ్లకు పైగా సామాన్యశాస్త్రం బోధించి, ఇటీవలే పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. పిల్లలకు చెట్ల మధ్య, నేల మీద, ఆకాశం కింద చదువు చెప్పడం గురించి మీ పత్రిక ద్వారా నా అనుభవాన్ని, అభిప్రాయాన్ని తెలియజేయాలనుకుంటున్నాను. ప్రకృతి ఒడిలో చదువు మంచిదని ఇప్పుడు దాదాపు అందరూ ఒప్పుకుంటారు. కానీ దాన్ని ఏడాదికొకసారి జరిపే విహారయాత్రగానో, బాగా చదివినవారికి ఇచ్చే బహుమతిగానో చూస్తున్నారు. పరీక్షలు దగ్గరపడితే ముందుగా రద్దయ్యేది అదే. అల్లరి చేసిన పిల్లవాడికి శిక్షగా లేకుండా చేసేదీ అదే. గణితానికి, భాషకు ఉన్నట్టే ఆరుబయటి పాఠానికి కూడా టైమ్‌టేబుల్‌లో ఖాయమైన పీరియడ్లు ఉండాలన్నది నా విన్నపం.

ఇందుకు అన్నిటికన్నా గట్టి ఆధారాలు కంటిచూపు విషయంలో దొరుకుతున్నాయి. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో 12 పాఠశాలల ఒకటో తరగతి పిల్లలపై మూడేళ్లపాటు జరిపిన పరిశోధన ఫలితాలు 2015లో వెలువడ్డాయి. సగం బడుల్లో రోజూ 40 నిమిషాల ఆరుబయటి తరగతిని అదనంగా చేర్చి, మిగిలిన సగం బడులను యథాతథంగా ఉంచారు. మూడేళ్లు గడిచేసరికి మామూలు బడుల పిల్లల్లో 39.5 శాతం మందికి కొత్తగా హ్రస్వదృష్టి (దూరపువి మసకగా కనిపించే లోపం) రాగా, బయట తరగతి జరిగిన బడుల్లో 30.4 శాతం మందికే వచ్చింది. తరగతి గదిలో వెలుతురు సాధారణంగా కొన్ని వందల లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) మాత్రమే ఉంటుంది. పగటివేళ చెట్టు నీడలో సైతం అది వేలల్లో ఉంటుంది. ఆ వెలుతురు వల్ల కంటి వెనుక పొర అయిన రెటీనాలో డోపమైన్ అనే రసాయనం విడుదలై, హ్రస్వదృష్టికి దారితీసేలా కనుగుడ్డు ఉండవలసినదానికన్నా పొడవుగా సాగిపోకుండా అడ్డుకుంటుందన్నది శాస్త్రజ్ఞులు ప్రధానంగా చెబుతున్న కారణం. తైవాన్‌లో 2010 నుంచి పిల్లలను రోజుకు 120 నిమిషాలు బయట గడిపేలా చేసే కార్యక్రమాన్ని బడుల ద్వారా అమలు చేశారు. ఏటేటా పెరుగుతూ వచ్చిన చూపు మందగించిన పిల్లల శాతం ఆ తర్వాత తగ్గుముఖం పట్టింది. నీడలో కూర్చుని ఎక్కాలు చెప్పుకున్నా కంటికి ఈ మేలు జరుగుతుంది కాబట్టి, పాఠ్యాంశాలు వెనకబడతాయనే భయానికి ఇక్కడ తావు లేదు.

బయటికి తీసుకెళ్తే తిరిగొచ్చాక పిల్లలు కుదురుగా కూర్చోరన్న మాట సహోపాధ్యాయుల నుంచి ఎన్నోసార్లు విన్నాను. అమెరికాలో తొమ్మిది, పదేళ్ల పిల్లలతో పది వారాలపాటు జరిపిన ఒక పరిశోధన 2018లో దీనికి విరుద్ధమైన ఫలితాన్ని చూపింది. పచ్చదనం మధ్య పాఠం విన్న తర్వాతి పీరియడ్‌లో, పిల్లలను మళ్లీ పాఠం వైపు తిప్పడానికి టీచర్ బోధన ఆపవలసి వచ్చిన సందర్భాలు సుమారు సగానికి తగ్గాయి. రెండు తరగతులతో జరిగిన చిన్న పరిశోధనే అయినా, నా అనుభవం కూడా అదే చెబుతోంది.

అయితే ఆ ఫలితం మొదటి రోజునే రాదు. నేను మొదటిసారి పిల్లలను బయటికి తీసుకెళ్లినప్పుడు ఏం చూడాలో, ఏం రాయాలో చెప్పకుండా వదిలేశాను. వాళ్లు చెల్లాచెదురయ్యారు, నాకు గొంతు పోయింది. ఆ తర్వాత వారానికి రెండుసార్లు, అదే చెట్టు దగ్గరికి, ఒక్కొక్కరికి ఒక్కో పని అప్పగించి తీసుకెళ్లడం మొదలుపెట్టాను. నాలుగో వారానికి ఆ చోటు వాళ్లకు తరగతి గదంత మామూలైపోయింది. పిల్లలు నిజంగా చూడడం మొదలుపెట్టింది కూడా అప్పుడే. ఒక కర్రను నిటారుగా పాతి, నీడ కొనను గులకరాళ్లతో గుర్తుపెట్టించాను. సరిగ్గా పన్నెండు గంటలకే నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉంటుందని అందరూ ఒకే గొంతుతో చెప్పారు. గులకరాళ్లు మాత్రం వేరే సమయాన్ని చూపించాయి. గడియారం తప్పా, కర్ర తప్పా అని వాళ్లలో వాళ్లకే వాదన వచ్చింది. ప్రామాణిక కాలం అంటే ఏమిటో, రేఖాంశాన్ని బట్టి స్థానిక మధ్యాహ్నం ఎందుకు మారుతుందో చెప్పడానికి అంతకన్నా మంచి సమయం నాకెప్పుడూ దొరకలేదు. కొన్ని వారాలకు మిట్టమధ్యాహ్నపు నీడ పొడవు కూడా మారిందని వాళ్లే కొలిచి చెప్పారు. ఏడాదికి ఒక్కరోజు వెళ్లి వచ్చే యాత్రలో ఇది ఎలా సాధ్యం? అదే చెట్టు ఎత్తును నీడల నిష్పత్తితో లెక్కగట్టాం. చీమల బారును ఒకచోట తడిగుడ్డతో తుడిచి, అవి ఆగి, తడుముకుని, దారి మళ్లీ పట్టుకునేందుకు ఎంతసేపు పడుతుందో చూశాం. చీమలు దారిని కళ్లతో గాక వాసనతో గుర్తిస్తున్నాయని పుస్తకం తెరవకముందే ఒక పాప అనేసింది.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. రవీంద్రనాథ్ ఠాగూర్ 1901లో శాంతినికేతన్‌లో బడి పెట్టి చెట్ల కిందే తరగతులు నడిపించారు. 1904లో బెర్లిన్ దగ్గర ఆరోగ్యం బాగాలేని పిల్లల కోసం అడవిలో ఆరుబయటి పాఠశాల మొదలైంది.

ఎండ, వాన, భద్రత గురించి తల్లిదండ్రుల ఆందోళన సహేతుకమైనదే. మండే ఎండలో కాక ఉదయపు పీరియడ్లలోనే బయటికి వెళ్లడం, ఉరుములు వినిపిస్తే వెంటనే లోపలికి రావడం, టీచర్‌తో పాటు మరో పెద్దమనిషి తోడుండడం నియమంగా పెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది. ఆవరణ లేని బడులకు అడవి అక్కర్లేదు. ఒక్క చెట్టు, కొన్ని కుండీలు, నాచు పట్టిన గోడ ఉన్నా పని మొదలుపెట్టవచ్చు. అసలు లోటు ఉపాధ్యాయ శిక్షణలో ఉంది. నాలుగు గోడల మధ్య తరగతిని ఎలా నడపాలో నేర్పే శిక్షణ కళాశాలలు, గోడలు లేనిచోట తరగతిని ఎలా నడపాలో నేర్పడం లేదు. ఆ కొరత తీరేదాకా ఎదురుచూడకుండా, ప్రతి తరగతికి వారానికి కనీసం రెండు ఆరుబయటి పీరియడ్లు కేటాయించి, పరీక్షల నెలలో కూడా వాటిని కదిలించకూడదని విద్యాధికారులు ఉత్తర్వులివ్వాలని, పిల్లల మార్కులు అడిగే సమావేశాల్లోనే ఈ పీరియడ్లు జరుగుతున్నాయో లేదో కూడా తల్లిదండ్రులు అడగాలని కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు