లైట్ల డబ్బా కొన్నవారికి: పాతవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను

గత దీపావళి నుంచి నా దగ్గర ఫోనుతో నడిచే లైట్ల డబ్బా కొన్నవారు 23 మంది. అందులో 9 మంది ఫోను చేసి తిట్టారు. ఇద్దరు మాత్రం ఒక్క మాట అనకుండా డబ్బా విప్పి తెచ్చి కౌంటరు మీద పెట్టి వెళ్లిపోయారు. నన్ను నిద్రపోనివ్వనిది ఆ ఇద్దరే.

డబ్బా సంగతి తెలియనివారికి రెండు ముక్కలు. లోపల సిమ్ కార్డు వేసే జీఎస్ఎం మాడ్యూలు (మొబైల్ సిగ్నలు అందుకునే భాగం), నాలుగు రిలేలు (కరెంటుతో తమంతట తామే కదిలే స్విచ్చిలు) ఉంటాయి. ముందే నమోదు చేసిన నంబరు నుంచి మిస్డ్ కాల్ ఇస్తే వాకిలి లైటు వెలుగుతుంది, మెసేజ్ పంపితే మిగతావి. వైఫై అక్కర్లేదు. పిల్లలు విశాఖలోనో సూరత్‌లోనో, తాళం వేసిన ఇల్లు ఆంధ్ర సరిహద్దున ఉన్న మా ఒడిశా ఊరు పర్లాకిమిడిలోనో ఉన్నవారి కోసం చేశాను.

నిజానికి మొదట చేసింది ఇది కాదు. డబ్బాకు ఫోను చేసి అంకె నొక్కితే లైటు వెలిగేలా చేశాను. 5 నొక్కితే 770, 1336 హెర్ట్జ్ స్వరాలు రెండూ కలిసి మోగుతాయి, ఎంటీ8870 అనే చిప్పు వాటిని విని అంకెను పోల్చుకుంటుంది. బల్ల మీద ముచ్చటగా పనిచేసింది. మొబైల్లో మాత్రం 5 నొక్కితే ఒకసారి రెండు ఐదులు, ఒకసారి ఏమీ లేదు. మొబైల్ నెట్‌వర్కు శబ్దాన్ని కుదించి పంపుతుంది. ఆ కుదింపు మనిషి మాటకు తగ్గట్టు చేసినది, ఇలాంటి స్వరాలను నలిపేస్తుంది. మూడు నెలల పని అటకెక్కింది. అదొక్కటి మీ దాకా రానివ్వలేదు, సంతోషం.

మీ దాకా వచ్చిన తప్పుల్లో పెద్దది ఆంధ్ర వైపు పాతపట్నం వెళ్లే రోడ్డులో ఒక మాస్టారి ఇంట్లో దొరికింది. ఒకరోజు బుద్ధిగా పనిచేస్తుందట, మర్నాడు ఉలకదు పలకదట. “మా మనవడిలాగే ఉంది బాబూ, బుద్ధి పుట్టినప్పుడే పలుకుతుంది” అన్నారు. సిమ్ మార్చాను, యాంటెన్నా మార్చాను, పవర్ సప్లై మార్చాను. చివరికి ఒక సాయంత్రం ల్యాప్‌టాప్ తగిలించుకుని వారి వసారాలో రాత్రి పదకొండు దాకా కూర్చున్నాను.

మాడ్యూలును ‘నెట్‌వర్కులో ఉన్నావా’ అని అడిగితే అంకెలో జవాబు చెబుతుంది. సొంత నెట్‌వర్కులో ఉంటే 1, రోమింగులో ఉంటే 5. నేను రాసిన ప్రోగ్రాము 1ని మాత్రమే ఒప్పుకుంటుంది. మాస్టారి ఇల్లు ఊరి చివర. ఒడిశా సిమ్ అప్పుడప్పుడు ఆంధ్ర వైపు టవరును అందుకుంటుంది. మాడ్యూలు 5 అంటుంది, నా ప్రోగ్రాము నెట్‌వర్కు లేదనుకుని దాన్ని ఆపి మళ్లీ మొదలుపెడుతుంది. మళ్లీ 5, మళ్లీ మొదలు, తెల్లవార్లూ అదే తంతు. ఊరి నడుమ ఉన్న నా దుకాణంలో ఇది ఒక్కసారీ రాలేదు. రోజూ సరిహద్దు దాటి టీ తాగి వచ్చే నాకు సిగ్నలు కూడా దాటుతుందని తోచకపోవడం చూసి మాస్టారు చాలాసేపు నవ్వారు. సరిదిద్దడానికి పట్టింది ప్రోగ్రాములో ఒకే ఒక్క లైను.

రెండో తప్పు లైనుతో పోయేది కాదు. రిలేను గోడ స్విచ్చితో వరుసలో కలిపాను. అంటే ఫోనులో ఆపితే గోడ స్విచ్చి ఎన్నిసార్లు నొక్కినా లైటు వెలగదు. ఒక ఇంట్లో పెద్దావిడ స్విచ్చి టకటకలాడిస్తూ గంటసేపు చీకట్లో కూర్చున్నారు. విశాఖలో ఉన్న కొడుకు ఫోను ఆ సమయంలో స్విచాఫ్. ఇది విన్నాక కొత్త ఆర్డర్లు ఆపేశాను.

ఇప్పుడు మెట్ల దగ్గర కింద ఒకటి, పైన ఒకటి పెట్టే టూవే స్విచ్చి పద్ధతిలో మార్చాను. గోడ మీద ఒక టూవే, డబ్బాలోని రిలే రెండోది. డబ్బా చచ్చిపోయినా గోడ స్విచ్చి పనిచేస్తుంది. దీనికీ ఒక చిక్కుంది: ఇలా కలిపితే రిలే ఎటువైపు ఉందో చూసి లైటు వెలుగుతోందో లేదో డబ్బా చెప్పలేదు. అందుకని లైటుకు వెళ్లే తీగలో కరెంటు ఉందో లేదో చూసే చిన్న సర్క్యూటు చేర్చాను. ‘వెలిగించు’ అంటే ముందు చూసుకుంటుంది, ఆ తరువాతే రిలేను కదుపుతుంది, ఏం చేసిందో మీకు మెసేజ్ పెడుతుంది. తెలుగులో అయితే ఒక మెసేజ్‌కు 70 అక్షరాలే పడతాయి కాబట్టి పొడిపొడిగా మాట్లాడుతుంది, కోపం అనుకోకండి.

ఎల్‌ఈడీలు ఎక్కువున్న రెండు ఇళ్లలో రిలే కాంటాక్టులు అతుక్కుపోయాయి. వెలిగే క్షణంలో ఎల్‌ఈడీలు లాగే కరెంటు తక్కువ కాదు. రిలేలు మార్చాను. లైటు ఆపినా బల్బు మసకగా మెరుస్తుంటే మాత్రం ముందు స్విచ్చి ఫేజు తీగ మీద కాకుండా న్యూట్రల్ తీగ మీద ఉందేమో చూడాలి. చెక్క పట్టీల మీద తీగలు పరిచిన పాత బ్యాటన్ వైరింగు ఇళ్లలో ఇది చూస్తూనే ఉన్నాను.

కొన్నవారందరికీ మార్పిడి ఉచితం, తీగ ఖర్చు కూడా నాదే. కొత్తవారికి ధర 2,400 నుంచి 2,950 అవుతుంది. మోటారుకు, గీజరుకు తగిలించవద్దు. సిమ్ రీఛార్జి మీదే. ఈ మాడ్యూలు 2జీ మీద నడుస్తుంది, కాబట్టి 4జీ మాత్రమే ఉన్న సిమ్ పనికిరాదు. 2జీ ఆపేసిన రోజున డబ్బా మూగబోతుంది, గోడ స్విచ్చి మిగులుతుంది. 4జీ మాడ్యూలు పెట్టి మా ఇంట్లోనే చూస్తున్నాను. ధర ఇంకా పెరుగుతుంది, అందుకే ఇప్పుడే అమ్మను.

ఆదివారాలు పాతపట్నం వైపు, మిగతా రోజుల్లో సాయంత్రం ఐదు తరువాత పర్లాకిమిడిలో ఇళ్లకు వస్తాను. బిల్లు వెతకనక్కర్లేదు, డబ్బా వెనక నా చేతిరాతతో అంకె ఉంటుంది. కౌంటరు మీద పెట్టి వెళ్లినవి 7, 16. ఆ రెండూ బాగుచేసి ఉంచాను. వాటి యజమానులు రావాలని లేకపోతే కబురు చేయండి, డబ్బు ఇంటికే తెచ్చి ఇస్తాను.