షెడ్డులో ట్యూబు ముట్టుకునే ముందు మెయిన్ ఆపండి: మా కస్టమర్లకు ఒక ముఖ్యమైన మాట

నమస్కారమండీ. కాకినాడలో మా ఎలక్ట్రికల్ షాపు ద్వారా కారు షెడ్డులో పాత ట్యూబులైట్లు తీయించి ఎల్ఈడీ పెట్టించుకున్న వాళ్లందరి కోసం ఇది రాస్తున్నాను. గత రెండేళ్లుగా మేం చేసిన ఆ పనిలో ఒక లోపం ఉంది. తప్పు మాదే. మేం వచ్చి సరిచేసేదాకా షెడ్డులో ట్యూబు తుడవాలన్నా, తీయాలన్నా ముందు ఇంటి మెయిన్ ఆపండి. గోడ మీది స్విచ్ ఆపితే చాలదు.

ఏం జరిగిందో చెప్తాను. సంక్రాంతికి ముందు ఇల్లు దులుపుకుంటూ మా పాత కస్టమర్, రిటైరైన మాస్టారు ఒకరు షెడ్డులో స్టూలెక్కారు. స్విచ్ ఆపే ఎక్కారు. ట్యూబు ఒక కొస హోల్డర్‌లోంచి ఊడదీసి రెండో కొస తిప్పబోతుంటే షాక్ కొట్టింది. కింద అమ్మగారు స్టూలు పట్టుకుని ఉండబట్టి పడిపోలేదు. ఆయన ఫోన్ చేసి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "స్విచ్ ఆపాను కదా బాబూ, మరెందుకు కొట్టింది?" అని మాత్రం అడిగారు. మా కుర్రాళ్లను పంపకుండా నేనే వెళ్లాను.

టెస్టర్ పెట్టి చూస్తే స్విచ్ ఆఫ్‌లో ఉన్నా ఫిట్టింగులో ఫేజు, అంటే షాక్ కొట్టే కరెంటు వైరు, చూపిస్తోంది. ఇల్లు కట్టినప్పుడు షెడ్డు స్విచ్‌ను ఫేజు మీద కాకుండా న్యూట్రల్ మీద, అంటే కరెంటు తిరిగి పోయే వైరు మీద, వేసేశారు. అలా వేసినా లైటు వెలుగుతుంది, ఆరుతుంది, ఎవరికీ అనుమానం రాదు. కానీ స్విచ్ ఆపాక కూడా ఫేజు హోల్డర్ దాకా వచ్చే ఉంటుంది. దానికి తోడు మేం పెట్టిన ట్యూబు రెండు కొసల నుంచీ కరెంటు తీసుకునే రకం. ఒక కొసకు ఫేజు, రెండో కొసకు న్యూట్రల్. న్యూట్రల్ కొస బయటికి వచ్చి, ఫేజు కొస ఇంకా హోల్డర్‌లోనే ఉంటే, ట్యూబు లోపలి సర్క్యూట్ గుండా కరెంటు బయటి పిన్నుల దాకా వచ్చేస్తుంది. మాస్టారి వేళ్లు ఆ పిన్నుల మీదే ఉన్నాయి.

పాత ట్యూబుతో ఇన్నేళ్లూ ఏమీ కాలేదు కదా అని అమ్మగారు అడిగారు. పాత ట్యూబులో ఉండేది గ్యాసు. స్టార్టర్ కొట్టి అది అంటుకుంటే తప్ప ఒక కొస నుంచి ఇంకో కొసకు కరెంటు పోదు. ఎల్ఈడీ ట్యూబు లోపల కరెంటుకు ఎప్పుడూ దారి ఉంటుంది.

స్విచ్ అలా వేయడం పాత వైరింగులో జరిగిన పొరపాటు. కానీ చోక్ (పాత ట్యూబుకు వెళ్లే కరెంటును అదుపు చేసే రాగి చుట్ట పెట్టె) పీకేసి వైర్లు కొత్తగా కలిపింది మేం. కలిపే ముందు స్విచ్ ఎక్కడ ఉందో చూసుకోవాల్సిందీ మేమే. మా కుర్రాళ్లు మంచి పనివాళ్లు. చెప్పింది చేస్తారు. ఈ ఒక్క పరీక్ష చేయమని నేను వాళ్లకు చెప్పలేదు. ఆ మధ్యాహ్నం మాస్టారి షెడ్డులో నిలబడి, ఇలాంటివి ఇంకెన్ని ఇళ్లలో ఉన్నాయో అనుకుంటే చాలా భయమేసింది.

ఆ రోజు నుంచి పాత బిల్లు పుస్తకాలు తీసి, ఒక్కొక్కరికి ఫోన్ చేసి వెళ్తున్నాం. ఇప్పటిదాకా చూసిన వాటిలో ఇంకో నాలుగు ఇళ్లలో స్విచ్ న్యూట్రల్ మీదే ఉంది. నాలుగూ పాత ఇళ్లే. స్విచ్ ఆపాక కూడా రాత్రి చీకట్లో మీ ట్యూబు సన్నగా మిణుకుమంటుంటే అది ఒక గుర్తు. ఇండికేటర్ ఉన్న స్విచ్ వల్ల కూడా అలా మిణుకుతుంది కాబట్టి మీరు కంగారు పడొద్దు, మాకు చెప్పండి. మిణుకు లేదు కదా అని ధైర్యం మాత్రం చేయకండి.

వచ్చినప్పుడు మేం చేసేది ఇది. స్విచ్‌ను ఫేజు మీదికి మారుస్తాం. రెండు కొసల ట్యూబు తీసేసి, ఒకే కొస నుంచి ఫేజు, న్యూట్రల్ రెండూ తీసుకునే ట్యూబు వేస్తాం. ఫ్రేము పాడైతే మొత్తం తీసేసి, లైటూ ఫ్రేమూ ఒకటిగా వచ్చే ఎల్ఈడీ బ్యాటెన్ బిగిస్తాం. మన ఊరి ఉప్పుగాలికి హోల్డర్లు చిలుము పట్టి వదులైపోతుంటాయి, షెడ్డులో మరీను. పాత ఫ్రేము ఉంచిన చోట "చోక్ లేదు, పాత ట్యూబు పెట్టకండి" అని స్టిక్కర్ అంటిస్తాం. దీనికి డబ్బులు వద్దు. ఇంతకుముందు మా దగ్గర చేయించుకున్న పని ఎంత పాతదైనా సరే.

కొందరికి చోక్ అలాగే ఉంచి, స్టార్టర్ స్థానంలో డమ్మీ పెట్టి ట్యూబు మార్చి ఇచ్చాం. త్వరగా అయిపోతుంది, అప్పట్లో నాకూ నచ్చింది. కానీ రాగి చోక్ లైన్లోనే ఉంటే కొంత కరెంటు తింటుంది, గుయ్‌మనే మోత కూడా పూర్తిగా పోదు. ఆ పద్ధతి మానేశాం. వాళ్ల ఇళ్లకూ వచ్చి చోక్ తీసేస్తాం.

కరెంటు బిల్లు గురించీ సరిగ్గా చెప్పాలి. 40 వాట్ల లావు ట్యూబు, దాని చోక్ కలిపి 50 వాట్లు దాటుతాయి. ఎల్ఈడీ 20 వాట్లు. 30 వాట్లు మిగులుతాయని చెప్పి చాలామందికి అమ్మాను. అది నిజమే. కానీ షెడ్డులో లైటు రోజుకు గంట వెలిగితే నెలకు మిగిలేది దాదాపు ఒక యూనిట్. ఆ లెక్కన పెట్టిన డబ్బు తిరిగి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. రోజంతా వెలిగే దుకాణాల సంగతి వేరు. షెడ్డులో మార్చుకోవాల్సింది వెలుతురు కోసం. స్విచ్ వేయగానే వెలగాలి, వోల్టేజీ తగ్గినప్పుడు స్టార్టర్ తిప్పే పని ఉండకూడదు, గ్రైండరు, డ్రిల్లు వాడేవాళ్లకు కళ్ల ముందు వెలుగు అదరకూడదు. రాగి చోక్ మీద వెలిగే ట్యూబు సెకనుకు వందసార్లు తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. ఆ వెలుగులో తిరిగే చక్రం ఒక్కోసారి ఆగినట్టు కనిపిస్తుంది. చవక ఎల్ఈడీలకూ ఈ జబ్బు ఉంది. కొనేముందు ఫోన్ కెమెరాలో చూడండి, తెరమీద చారలు కదులుతుంటే వద్దనండి.

ఇంకో మాట. చాలా షెడ్లలో లైటు సరిగ్గా కారు నడినెత్తిన ఉంటుంది. అప్పుడు వెలుతురంతా కారు టాపు మీదే పడుతుంది. బానెట్ ఎత్తితే ఇంజిన్ మీద నీడ. ఒకటి ముందు గోడకు, ఒకటి డ్రైవర్ పక్క గోడకు ఉంటే కింద పడ్డ నట్టు కూడా దొరుకుతుంది. వచ్చినప్పుడు అడగండి, వైరు సరిపోతే జరిపి పెడతాం.

పాత ట్యూబుల విషయంలోనూ ఇన్నాళ్లూ మేం తప్పే చేశాం. గోనెసంచిలో వేసి, పగలగొట్టి, చెత్త బండికి ఇచ్చేవాళ్లం. ట్యూబులో కొన్ని మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. పగిలితే ఆవిరై గాలిలో కలుస్తుంది. అందుకే 2023లో, పాదరసం వాడకం తగ్గించడానికి కుదిరిన మినమాటా ఒప్పందంలోని దేశాలు ఈ పొడుగు ట్యూబుల తయారీ, ఎగుమతి, దిగుమతి 2027 నాటికి మానుకోవాలని ఒప్పుకున్నాయి. మన దేశమూ అందులో ఉంది. ఇప్పుడు మేం వాటిని పగలకుండా అట్టపెట్టెల్లో పెట్టి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు అప్పగిస్తున్నాం. మీ ఇంట్లో మూలన నిలబెట్టినవి ఉంటే మా షాపుకు తెచ్చివ్వండి, ఎవరి దగ్గర కొన్నవైనా పర్లేదు. చేతిలో పగిలితే పిల్లల్ని బయటికి పంపి, తలుపులు తీసి, పావుగంట ఆగి, ముక్కల్ని దళసరి అట్టతో ఎత్తండి. చీపురుతో ఊడవకండి.

ఈ వారం జగన్నాథపురం వైపు, వచ్చే వారం రామారావుపేట, గాంధీనగర్, ఆ తర్వాత సర్పవరం వైపు వస్తాం. ఇంట్లో పెద్దవాళ్లే ఉంటే ఆగక్కర్లేదు, ఫోన్ చేయండి, అదే రోజు వస్తాను. మాస్టారి షెడ్డు పని అయిపోయింది. మొన్న ఆయన నా చేతికి టెస్టర్ ఇచ్చి, "స్విచ్ ఆపాను, ఇప్పుడు చూడు బాబూ" అన్నారు. ఇద్దరం కలిసి చూశాం. టెస్టర్ వెలగలేదు.