నీ రక్తం అక్కకి ఎక్కలేదురా

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. తిట్టుకో, పడతాను. అమ్మ బాగుంది, పొలం కౌలుకిచ్చాం, బుజ్జిగాడు పదో తరగతి గట్టెక్కాడు. ఇక అసలు సంగతి.

నా కిడ్నీ అక్కకి పనికిరాదట.

ఇద్దరిదీ ఓ పాజిటివే కదా, నా టెస్టులన్నీ బాగానే వచ్చాయి. చివర్లో క్రాస్‌మ్యాచ్ అని ఒకటి ఉంది. నా తెల్లకణాలూ అక్క సీరమూ, అంటే రక్తంలోని నీరూ, కలిపి చూస్తారు. నావి చచ్చిపోయాయి. చిన్నప్పుడు జీళ్ల కోసం నా వీపు పగలగొట్టిన మనిషి కదా, ఆ కసి ఇంకా పోలేదనుకుని నవ్వాను. తర్వాత మెట్ల దగ్గరికెళ్లి ఏడ్చాను.

డాక్టరమ్మ రెండే అడిగింది. కాన్పులెన్ని? ఎప్పుడైనా రక్తం ఎక్కించారా? కాన్పులు రెండు. రక్తమంటే, నిరుడు హిమోగ్లోబిన్ ఐదుకి పడిపోయిన రాత్రి రెండు బ్యాగులు. నువ్వు నీ "పుష్పక విమానం" మీద లైటు లేకుండా వచ్చి చెయ్యి చాపిన రాత్రే.

ఆగు, ఆగు! నీ మొహం ఎలా మారిందో నాకిక్కడ కనిపిస్తోంది. నీ రక్తం అక్కకి ఎక్కనే లేదురా. నీది బ్యాంకులో ఉంచుకుని, వాళ్ల దగ్గరున్న ఇంకెవరిదో ఇచ్చారు. నువ్వు గర్వంగా తాగిన ఆ జ్యూస్ డబ్బాకి అక్క రుణపడలేదు.

ఎవరి రక్తంలోనైనా కొన్ని తెల్లకణాలుంటాయట, వాటి మీద హెచ్‌ఎల్‌ఏ అనే గుర్తులు. అక్క ఒళ్లు వాటిని పరాయివని పసిగట్టి యాంటీబాడీలు తయారుచేసుకుంది. కడుపులో బిడ్డ ద్వారా బావ గుర్తులకీ అలాగే పుట్టి ఉండొచ్చట. ఆ గుర్తుల్లో ఏదో నాకూ ఉంది. తెలియక పెట్టేస్తే ఆపరేషన్ బల్ల మీదే కిడ్నీ నల్లబడిపోవచ్చట. తెల్లకణాలు వడగట్టిన రక్తమైతే ముప్పు తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు.

విడ్డూరం విను. 1973లో ఒపెల్జ్, టెరసాకి అని ఇద్దరు లెక్కలు తీస్తే, రక్తం ఎక్కించుకున్నవాళ్లకే కొత్త కిడ్నీ బాగా నిలిచిందట! ఆ తర్వాత కొన్నేళ్లు కావాలనే ఎక్కించేవారు. 80ల్లో కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా ఆపే సైక్లోస్పోరిన్ మందు వచ్చాక ఆ లాభం పలచబడింది, ఈ యాంటీబాడీల గొడవ మాత్రం మిగిలింది.

ఇప్పుడు రక్తం పట్టడానికి ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లున్నాయి. డబ్బుల్లేవని మేమే రెండు నెలలు ఆపాం. ఆ రెండు నెలలు గనక... సరే, వదిలెయ్. ఆ రాత్రి ఎక్కించకపోతే అక్కే ఉండేది కాదు, అది మాత్రం డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

చనిపోయినవాళ్ల అవయవాలు ఇప్పించే సర్కారు పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించాం. మాలాగే పొసగని ఇంకో జంట దొరికితే కిడ్నీలు మార్చుకోవచ్చట. అక్కేమో, "వాళ్లు నీకంటే అందగాళ్లయితే..." అని

డయాలసిస్ మిషన్ కూస్తోంది, అక్కని దింపుతున్నారు. మిగతాది

నీ
గోపి