ఆ పిల్లలకు తల్లిదండ్రులు ఉన్నారా?

సంపాదకుల వారికి నమస్కారం.

మన ప్రాంతపు ఇంజనీరింగ్ విద్యార్థులు కొందరు వేసవి సెలవులలో నేపాల్ వెళ్లి, ఖాట్మండు దగ్గర ఒక పిల్లల హోములో నెల రోజులు సేవ చేసి వచ్చారని మీ పత్రిక నెల్లూరు జిల్లా పేజీలలో ఇటీవల ఫోటోలతో సహా ప్రచురించారు. ఆ విద్యార్థుల మంచి మనసును శంకించవలసిన అవసరం నాకు లేదు. సెలవులన్నీ ఫోను చూస్తూ గడిపేయకుండా ఎవరికైనా ఉపయోగపడాలనుకునే యువతీయువకులను చూస్తే ముచ్చటగానే ఉంటుంది. అయితే వ్యాసం చివర, ఆసక్తి గలవారు రుసుము కట్టి వచ్చే విడతకు పేర్లు ఇవ్వవచ్చునని ఒక ఏజెన్సీ తరఫున చేర్చిన రెండు వాక్యాలు చదివాక, మహిళా శిశు సంక్షేమ శాఖలో ఉద్యోగం చేసి అందులో ఎక్కువ కాలం బాలసదనంలోనే, అంటే ప్రభుత్వం నడిపే పిల్లల హోములోనే గడిపిన దానిగా కొన్ని సంగతులు మీ పాఠకుల ముందు, ముఖ్యంగా ఆ రుసుము కట్టబోయే తల్లిదండ్రుల ముందు పెట్టాలనిపించింది.

ఆ హోములోని పిల్లలకు తల్లిదండ్రులు ఉన్నారా, ఉంటే ఎక్కడ ఉన్నారు అన్న ప్రశ్న వ్యాసంలో ఎక్కడా లేదు. నేపాల్ విషయంలో ఇది చాదస్తం కొద్దీ అడిగే ప్రశ్న కాదు. ఆ దేశంలో పిల్లల హోములు అత్యధికంగా ఖాట్మండు లోయలోనూ, పోఖరా, చిత్వన్ వంటి పర్యాటకులు తిరిగే చోట్లనూ ఉన్నాయి; వాటిలోని పిల్లలలో చాలామంది మాత్రం హుమ్లా వంటి మారుమూల కొండ జిల్లాల నుంచి వచ్చినవారు. 1996 నుంచి 2006 దాకా సాగిన మావోయిస్టు యుద్ధకాలంలో, బిడ్డలను దళాలలోకి లాక్కుపోతారన్న భయంతో, పట్నంలో మంచి చదువు చెప్పిస్తామన్న దళారుల మాట నమ్మి, అప్పోసప్పో చేసి ఎదురు డబ్బు కూడా ముట్టజెప్పి పిల్లలను అప్పగించిన కుటుంబాలు ఎన్నో. ఊరు దాటాక ఆ పిల్లల తల్లిదండ్రులు చనిపోయినట్టు కాగితాలు పుట్టాయి. యుద్ధం ముగిసినా ఆ వ్యాపారం ముగియలేదు. హోముకు వచ్చిన అతిథి కట్టే రుసుమూ, తిరిగి వెళ్లాక అతడు పంపే విరాళమూ పిల్లల తలల లెక్కన వస్తాయి కనుక, పిల్లవాడిని ఇంటికి పంపిస్తే నిర్వాహకుడికి ఆదాయం తగ్గుతుంది. 2015 భూకంపం తరువాత జిల్లాల నుంచి పిల్లలను తరలించకుండా నేపాల్ ప్రభుత్వం ఆంక్షలు పెట్టవలసి వచ్చింది. మనవాళ్లకు అక్కడికి వెళ్లడానికి వీసా అక్కర్లేదు, ఖర్చూ తక్కువ. ఏజెన్సీల కన్ను మన కాలేజీల మీద పడడానికి అదే కారణమని నా అనుమానం.

ఇది మన జిల్లాలవారికి అర్థం కాని విషయమేమీ కాదు. కనిగిరి, మార్కాపురం వైపు మెట్ట గ్రామాలలో వానలు లేని ఏడాది హైదరాబాదుకో బెంగళూరుకో కట్టడం పనులకు వలస వెళ్లే తల్లిదండ్రులు పిల్లలను అవ్వాతాతల దగ్గరో, హాస్టల్లోనో, ఎవరో నడిపే హోములోనో వదిలి వెళ్లడం ఏళ్ల తరబడి చూస్తున్నాం. ఆ పిల్లల ఫోటోలు తీసి, దిక్కూమొక్కూ లేనివాళ్లని రాసి, దూరదేశపు దాతలకు పంపిస్తే, సంక్రాంతికి బిడ్డను చూసుకోవడానికి బస్సు దిగే తల్లికి ఎలా ఉంటుందో మనం ఊహించుకోగలం.

కంబోడియాలో ఇదే సంగతి లెక్కలతో సహా బయటపడింది. లక్షలమందిని పొట్టనపెట్టుకున్న ఖ్మేర్ రూజ్ వర్గం పాలన అక్కడ 1979లోనే అంతమైంది. ఆనాటి అనాథలు పెద్దవాళ్లై తమ బిడ్డలను పెంచుకుంటున్న కాలంలో, అంటే 2005కూ 2010కీ మధ్య, ఆ దేశంలో హోముల సంఖ్య 75 శాతం పెరిగింది. వాటిలోని పిల్లల్లో సుమారు నాలుగింట మూడు వంతుల మందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యునిసెఫ్ తోడ్పాటుతో జరిగిన పరిశీలనలో తేలింది. ఆ ఏళ్లలో పెరుగుతూ వచ్చినది అంగ్‌కోర్ వాట్ ఆలయం చూడడానికి వచ్చి ఒక పూట హోములో గడిపి వెళ్లే పర్యాటకుల రద్దీ. వాళ్ల ముందు పిల్లల చేత నాట్యం చేయించి విరాళాలు పోగుచేసిన హోములు కూడా ఉన్నాయి. ఇటువంటి సేవాయాత్రలకు తమ యువతను పెద్ద ఎత్తున పంపిన ఆస్ట్రేలియాలోనే, 2017లో పార్లమెంటరీ కమిటీ ఒకటి విచారణ జరిపి, అనాథాశ్రమాల కోసం పిల్లలను తరలించడాన్ని ఆధునిక బానిసత్వంలో భాగంగా గుర్తించింది. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ బాలల హక్కులపై చేసిన తీర్మానంలో, అనాథాశ్రమాలలో స్వచ్ఛంద సేవ పేరుతోనూ పర్యాటకం పేరుతోనూ పిల్లలకు జరుగుతున్న హానిని పేర్కొని, దానిని అరికట్టాలని దేశాలను కోరింది. పాశ్చాత్య దేశాలు వదిలించుకోవడం మొదలుపెట్టిన అలవాటును మనం గొప్పగా తలకెత్తుకుంటున్నాం.

డబ్బు సంగతి అలా ఉంచి, ఆప్యాయత సంగతి చెబుతాను. ఇది పుస్తకాల కన్నా ముందు నాకు బాలసదనంలోనే తెలిసింది. కొత్తవాళ్లు ఎవరు గుమ్మంలో అడుగుపెట్టినా పరుగెత్తుకుని వచ్చి కొంగు పట్టుకుని, ఎత్తుకోమని చేతులు చాచే మూడు నాలుగేళ్ల పిల్లను చూసి సందర్శకులు కళ్లనీళ్లు పెట్టుకునేవారు, ఎంత కలుపుగోలు పిల్లో అని మెచ్చుకునేవారు. తల్లి ఒడిలో పెరిగిన ఆ వయసు పిల్ల అయితే కొత్త మనిషిని చూసి అమ్మ వెనక్కు నక్కుతుంది. ముక్కూమొహం తెలియని మనిషి చంక ఎక్కుతోందంటే, తనది అనుకునే చంక ఆ పిల్లకు ఒకటి లేదన్నమాట. సాయంత్రం అతిథులు వ్యాను ఎక్కి వెళ్లిపోయాక, అన్నం ముట్టకుండా గేటు దగ్గర కూర్చున్న పిల్లలను బుజ్జగించి లోపలికి తీసుకురావలసింది మా ఆయాలే. నాలుగైదుసార్లు అలా జరిగాక కొందరు పిల్లలు ఏడవడం మానేసేవారు. మాకు అసలు భయం అప్పుడు వేసేది.

దీని మీద గట్టి పరిశోధన రొమేనియాలో జరిగింది. 1989లో నియంత చౌషెస్కూ పాలన కూలిపోయాక అక్కడి అనాథాశ్రమాల దుస్థితి లోకానికి తెలిసింది. 2000 నుంచి చార్లెస్ నెల్సన్, నాథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే శాస్త్రవేత్తలు బుకారెస్టులోని సంస్థల్లో పెరుగుతున్న 136 మంది పసివాళ్లను ఎంచుకుని, వారిలో సగం మందిని పెంపుడు కుటుంబాలలో ఉంచి, ఇరువర్గాల పిల్లలనూ ఏళ్ల తరబడి పరిశీలించారు. కుటుంబాలలోకి వెళ్లిన పిల్లలు తెలివితేటల్లోనూ, పెంచినవారితో అనుబంధంలోనూ మెరుగుపడ్డారు. రెండేళ్లు నిండకముందే వెళ్లినవారిలో ఆ మార్పు మరింత స్పష్టంగా కనిపించింది. సంస్థలో పెరిగే పిల్లకు ఉన్న పెద్ద కొరత రోజూ తనను అంటిపెట్టుకుని ఉండే ఒక మనిషి. నెలకొక బృందం వచ్చి ముద్దుచేసి వెళ్లిపోతూ ఉంటే ఆ కొరత పూడదు సరికదా, దగ్గరైన ప్రతి మనిషీ వెళ్లిపోతాడన్న పాఠం ఆ పిల్లకు మరింత బాగా వంటబడుతుంది. ఇక ఇంగ్లీషు చెప్పామని మన విద్యార్థులు సంతోషంగా చెప్పుకున్నారు. ప్రతి బృందమూ అక్షరమాల దగ్గరే మొదలుపెట్టి, నెల తిరిగేసరికి విమానం ఎక్కేస్తుంది కనుక, అటువంటి హోములలోని పిల్లలు అవే పాటలూ అవే ఆటలూ మళ్లీ మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంటూ ఉంటారు.

మరొక విషయం మర్యాద కోసం దాటవేయలేను. బాలసదనంలో ఫ్యాను బాగుచేయడానికి వచ్చిన మనిషి పేరు కూడా రిజిస్టరులో రాసుకుని, ఒక ఆయాను తోడుంచి పని చేయించేవాళ్లం. రుసుము కట్టడమే అర్హతగా, పోలీసు విచారణ లేకుండా, భాష రాని దేశంలో పిల్లల గదుల దాకా ఎవరినైనా రానిచ్చే హోము ఎటువంటిదో ఆలోచించండి. నేపాల్లోనూ కంబోడియాలోనూ పిల్లలపై లైంగిక నేరాలకు పాల్పడి శిక్ష పడిన విదేశీయులు ఉన్నారు. మన విద్యార్థులు అటువంటివారు కారు. కానీ వారికి తెరిచిన తలుపు అందరికీ తెరిచినట్టే.

విదేశాల మాట చెబుతున్నానని మన ఇల్లు చక్కగా ఉందనుకోకండి. దాతలు వచ్చే హోములు నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో తక్కువేమీ లేవు. అమెరికాలో స్థిరపడిన మనవాళ్ల పిల్లలు వేసవిలో అవ్వాతాతల దగ్గరకు వచ్చినప్పుడు రెండు వారాలు ఏదో ఒక హోముకు వెళ్లి, అక్కడి కాలేజీ దరఖాస్తుకు పనికివచ్చే సర్టిఫికెట్ పుచ్చుకుని వెళ్లడం కూడా ఇప్పుడు మామూలైంది. పుట్టినరోజులకు కేకూ, వర్ధంతులకు బిర్యానీ సరేసరి. 2020 సెప్టెంబరులో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్, దేశంలో సంరక్షణ సంస్థల్లో ఉన్న 2.56 లక్షల మంది పిల్లల్లో 72 శాతం ఎనిమిది రాష్ట్రాలలోనే ఉన్నారని చెప్పి, వారిని కుటుంబాలకు చేర్చే ప్రయత్నం చేయమని ఆ రాష్ట్రాలను ఆదేశించింది. ఆ ఎనిమిదింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఒక్కొక్క పిల్ల పరిస్థితి విచారించకుండా అందరినీ ఒకేసారి పంపించడం ప్రమాదమని బాలల కోసం పనిచేసేవారు అప్పుడు అభ్యంతరం చెప్పారు, అది న్యాయమైన మాటే. ఇల్లే నరకమైన పిల్లలు ఉంటారు, నిజంగానే ఎవరూ మిగలని పిల్లలూ ఉంటారు. అటువంటివారి కోసం హోములు ఉండవలసిందే. అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు, అలా ఇంటికి చేరిన పిల్లల చదువుకు నెలకు 2000 రూపాయలు ఇవ్వమని రాష్ట్రాలను ఆదేశించడం వెనుక, పేదరికమే పిల్లలను ఇంటికి దూరం చేస్తోందన్న గుర్తింపు ఉంది.

ఇక్కడ మీ పత్రికతో నాకు ఒక పేచీ ఉంది. మొన్నటి ఫోటోలో నేపాలీ పిల్లల ముఖాలు స్పష్టంగా ఉన్నాయి, ఇద్దరి పేర్లు కూడా వేశారు. మన హోములలో కేకు చుట్టూ నిలబెట్టిన పిల్లల ఫోటోలు సరే, మీ జిల్లా పేజీలో తరచుగా కనిపిస్తూనే ఉంటాయి. 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం, సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, చిరునామా, చదివే బడి, ఫోటో వంటి గుర్తుపట్టే వివరాలేవీ పత్రికలలో ప్రచురించకూడదు. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. రేపు ఆ పిల్ల పెద్దదై, పెళ్లి సంబంధం చూస్తున్న సమయంలో ఆ పాత ఫోటో ఎవరి ఫోనులోనైనా తేలితే ఏమవుతుందో మనకు వేరే చెప్పనక్కర్లేదు. దాత ముఖం వేయదలచుకుంటే వేయండి, పిల్లలవి వద్దు.

పిల్లలను కాక వారి ఇంటివారినే ఆదుకున్నదానికి ఒంగోలు చరిత్రలో ఒక ఉదాహరణ ఉంది. 1876-78 నాటి ధాతు కరువులో ఈ ప్రాంతమంతా ఆకలితో అల్లాడినప్పుడు, ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, కరువు బాధితులకు కూలి పని ఇప్పించారు. ఆయన మతప్రచారం గురించి ఎవరి అభిప్రాయం వారికి ఉండవచ్చు. దూరదేశం నుంచి వచ్చిన ఆ మనిషి తల్లిదండ్రుల చేతికి కూలి అందేటట్టు చూడడం మాత్రం మెచ్చుకోదగినది. కూలి అందిన ఇంటివారికి బిడ్డను మరొకరి చేతిలో పెట్టవలసిన అవసరం తగ్గుతుంది.

విదేశానికే వెళ్లి సేవ చేయాలని పట్టుదల ఉన్నవారిని వద్దనే హక్కు నాకు లేదు. వెళ్లేముందు ఆ హోము అక్కడి ప్రభుత్వం దగ్గర నమోదైందా, గత ఏడాది ఎంతమంది పిల్లలను ఇళ్లకు చేర్చింది, తాను కట్టే రుసుములో ఏజెన్సీకి ఎంత పోతుంది అని రాతపూర్వకంగా అడగమంటాను. జవాబు రాకపోతే అదే జవాబు. ఫిజియోథెరపీ, నర్సింగు చదివినవారు పిల్లలతో కాకుండా అక్కడ ఏళ్ల తరబడి పనిచేసే సిబ్బందితో కూర్చుని, అంగవైకల్యం ఉన్న పిల్లను ఎలా పడుకోబెట్టాలో, ఎలా తినిపించాలో నేర్పి వస్తే, వాళ్లు వచ్చేశాక కూడా ఆ పని నిలుస్తుంది. సరదాగా నెల రోజులు గడిపి రావాలనుకునేవారు పోఖరాలో సరస్సు చూసి రావచ్చు, అందులో తప్పేమీ లేదు.

మీ పత్రికను కోరేది మరొకటి ఉంది. మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ బాలల సంరక్షణ పథకం కింద, భర్త చనిపోయిన లేక వదిలేసిన తల్లి దగ్గర ఉన్న పిల్లలకూ, అమ్మానాన్నలు పోయి బంధువుల ఇంట పెరుగుతున్న పిల్లలకూ, తల్లిదండ్రులు ప్రాణాంతక వ్యాధితో మంచాన పడిన పిల్లలకూ నెలకు 4000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఇచ్చే ఏర్పాటు ఉంది. కుటుంబ ఆదాయం గ్రామాలలో ఏడాదికి 72,000, ఇతర ప్రాంతాలలో 96,000 రూపాయలకు మించకూడదు. దరఖాస్తులు జిల్లా బాలల సంరక్షణ విభాగానికి ఇవ్వాలి. ఈ వివరాలను 1098 బాలల హెల్ప్‌లైన్ నంబరుతో కలిపి మీ జిల్లా పేజీలో ఒక బాక్సులో, నెలకొకసారైనా వేయండి. పథకం ఉందని తెలియకనో, తెలిసినా మరణ ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా వీటన్నిటి కోసం కూలి మానుకుని సచివాలయం చుట్టూ తిరగలేకనో ఆగిపోయిన తల్లులు మన మండలాలలో చాలామంది ఉన్నారు. వారి వెంట ఉండి ఫారాలు నింపించి, అధికారి సంతకం పడేదాకా తిరగడం ఇంజనీరింగ్ విద్యార్థులు సెలవులలో తేలికగా చేయగల పని. దీనికి ఏ ఏజెన్సీకీ రుసుము కట్టనక్కర్లేదు.

ఇట్లు,
బాలసదనం విశ్రాంత ఉద్యోగిని,
నెల్లూరు.